వెనక సీట్లో స్టెతస్కోపు

మొదటి స్పీడ్ బ్రేకరు దాటింది బండి. స్టీరింగు ముందున్న మా అల్లుడు అద్దంలోంచి నా వంక చూశాడు, నేను తల ఊపాను, అతను గేరు మార్చాడు. ఇంతే, పదిహేనేళ్ళుగా మా షాపులో ఇదే పద్ధతి, నేను తల ఊపితే బండి మంచిది, చెయ్యెత్తితే చెడ్డది. ఈ పసుపుపచ్చ స్పోర్ట్సు కారుకి వెనక మనుషుల కోసమని ఒక చోటు చేశారు గాని, చేసినవాడు మోకాళ్ళున్న మనిషిని ఎన్నడూ చూసినట్టు లేడు. గడ్డం మోకాళ్ళ మీద ఆనించుకుని, నెత్తి పైకప్పుకి తగిలించుకుని, కుడిచెవి పక్కరేకుకి అంగుళం దూరంలో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రేకు అవతల చక్రం తిరుగుతోంది. పొద్దున మేం బిగించిన కొత్త అల్లాయ్ చక్రం, కంపెనీ ఇచ్చినదానికన్నా అంగుళమున్నర ఎక్కువ వెడల్పు, దాని మీద అంతే వెడల్పు టైరు. బండి గతుకులో పడి వెనకభాగం కిందికి దిగినప్పుడు ఆ టైరు మడ్‌గార్డు అంచుకి రాసుకుంటోందా లేదా అని వినడానికే నన్నిక్కడ కుక్కారు. వినడమే నా పని, వీధిలో నన్ను స్టెతస్కోపు అంటారు. ఇప్పుడా స్పీడ్ బ్రేకరు మీద చప్పుడు వచ్చిందో రాలేదో నాకు తెలియలేదు. తల మాత్రం ఊపాను.

వాన లేకపోతే ఇంత గొడవ లేదు. వెడల్పు చక్రాలు వేసిన ప్రతి బండికీ మడ్‌గార్డు లోపలి అంచు పొడుగునా సుద్దముక్కతో మందంగా గీత గీస్తాం, వెనక మనిషి బరువు పెట్టి గతుకుల్లో తిప్పుకొస్తాం, వచ్చాక టార్చిలైటు వేసి చూస్తాం. గీత చెరిగితే టైరు తగిలినట్టు, చెరక్కపోతే తగలనట్టు. ముందు చెవి చెబుతుంది, సుద్ద సాక్షి సంతకం పెడుతుంది అని నేనే అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఈ ఏడాదిగా చెవి ఏమీ చెప్పడం లేదు, సుద్ద చెప్పిందాన్నే నా చెవి చెప్పినట్టు చెలామణి చేస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడింది. షట్టరు దాటి పది గజాలు వెళ్తే చాలు, చక్రం చిమ్మే నీళ్ళకి సుద్దంతా కరిగి కారిపోతుంది. వాన తగ్గాక తిప్పుదామని అన్నాను, ఎంతో మామూలుగా, నాకేం పట్టనట్టు. మా అల్లుడు నవ్వాడు. "మీ చెవులుండగా సుద్దెందుకు మావయ్యగారూ? పైగా తెల్లారితే మేడమ్ ప్రయాణం" అన్నాడు. బండిగలావిడ కూడా నవ్వింది. ఇద్దరు మనుషులు నా మీద అంత నమ్మకంతో నవ్వుతుంటే కాదనడానికి నోరు రాలేదు, ముందు సీటు వంచి వెనక్కి దూరాను.

రెండో స్పీడ్ బ్రేకరు. తల ఊపాను. నాకు చెవులు పూర్తిగా పోలేదు, అదే వచ్చిన చిక్కు. ఇంజను గుర్రుమనడం వినపడుతోంది, వైపర్లు అటూ ఇటూ కొట్టుకోవడం వినపడుతోంది, మా అల్లుడి గొంతు సరేసరి, అది ఎటూ వీధి చివరిదాకా వినపడేదే. పోయినవన్నీ సన్ననివి. ముందు గోడ గడియారం టిక్కుమనడం పోయింది, గడియారమే ఆగిందనుకుని బ్యాటరీ మార్చబోయాను, ముల్లు నిక్షేపంగా తిరుగుతోంది. తరవాత ఫోను కూత పోయింది, తరవాత మాటల చివర్లు పోయాయి, మనుషులందరూ సగం మాట నోట్లోనే దాచుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నట్టు చాలినంత బిగిసిందని టార్క్ రెంచి టిక్కుమంటుంది చూడండి, అదీ పోయింది, మణికట్టుకి తగిలే చిన్న కుదుపుతో నెట్టుకొస్తున్నాను. ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, మా అమ్మాయి కన్నా చిన్నది. నన్నొక మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి, కూత వినపడినప్పుడల్లా ఈ మీట నొక్కండి అంది. నేను అద్దం అవతల ఆ పిల్ల చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. కాసేపు చూసింది, చూసి కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుంది. ఈ వయసులో పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయాను. చివరికి ఒక కాగితం చూపించింది, దాని మీద గీత ఎడమవైపు, లావు చప్పుళ్ళ దగ్గర, బాగానే నడిచి, కుడివైపు, సన్నని చప్పుళ్ళ దగ్గర, గోతిలో పడ్డట్టు పడిపోయింది. ముప్ఫయ్యేళ్ళు ఎయిర్ గన్ చెవి పక్కన పెట్టుకుని నట్లు విప్పారు, ఇంకేం మిగులుతుంది అంది. రబ్బరు రేకుకి రాసుకునే చప్పుడు కూడా సన్ననిదేనా అమ్మా అని అడిగాను. ఎంత సన్ననిదండీ అని ఆ పిల్ల తిరిగి నన్నే అడిగింది.

ఇంట్లో చెబుదామంటే మా ఆవిడ నమ్మదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సంసారంలో నేను వినీ విననట్టు ఊరుకున్నవి లెక్కలేనన్ని ఉన్నాయి, గ్యాసు సిలిండరు మార్చమన్నది, వాళ్ళ తమ్ముడికి ఫోను చెయ్యమన్నది, మేడ మీద బట్టలు తెమ్మన్నది. ఇప్పుడు నిజంగా వినపడటం లేదంటే ఎవరు నమ్ముతారు? పోయిన వారం టీవీ గట్టిగా పెట్టాను. "ఎక్కడో మూల బండిలో నట్టు వదులైతే వినపడుతుంది గాని, పక్కనున్న పెళ్ళాం మాట చెవికెక్కదు. మీరు నా మాట పెడచెవిన పెట్టడం కొత్తా ఏంటి" అంది. నాకిప్పుడు రెండూ పెడచెవులే అని చెప్పేద్దామనుకున్నాను, నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో మా అల్లుడు ఏదో చెప్పి ఆవిణ్ణి నవ్వించాడు, మాట మళ్ళీ లోపలికి పోయింది. చెప్పకపోవడానికి అలవాటు పడితే రోజుకో కారణం అదే దొరుకుతుంది.

సర్కిల్ దగ్గర బండి ఎడమకి మళ్ళుతోంది. ఎడమకి తిరుగుతుంటే బరువంతా కుడి చక్రం మీద పడుతుంది, అంటే నా చక్రం మీద, నా చెవి మీద. కళ్ళు మూసుకున్నాను. ముందు సీట్లో బండిగలావిడ మా అల్లుడితో కబుర్లలో పడింది. ఆవిడ అంబులెన్సు డ్రైవరు. మొదటిసారి షాపుకి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ అట్టపెట్టెల్లో ఈ వెనక సీట్లోనే పేర్చుకుని తెచ్చింది. "ఈ సన్నటి చక్రాల మీద నా బండి చూడండి, చీపురుపుల్లల మీద నిలబెట్టిన లావుపాటి పిల్లిలా లేదూ? వెడల్పువి వెయ్యండి" అంది. చక్రం నడిబొడ్డు కంతకీ, అది కూర్చునే హబ్బుకీ మధ్య సందు ఉంటే రింగులు వేశాం, మడ్‌గార్డు అంచులు వేడి గాలితో వెచ్చబెట్టి, రంగు పగలకుండా, రోలరుతో కొంచెం కొంచెంగా లోపలికి మడిచాం. ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుని అంతా చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఎవరో ఒకరి ప్రాణం కోసమే తోలుతున్నానండీ, ఒక్కసారి నా సరదా కోసం తోలాలని కొనుక్కున్నాను అంది. ఆ మాటకి నాకావిడ మీద గౌరవం కలిగింది. వెనక ఎవరైనా కూర్చుంటారా అని అడిగితే, అబ్బే, ఎవరూ కూర్చోరు అంది. ఆ మాట అనని స్పోర్ట్సు కారు యజమాని ఇంతవరకూ పుట్టలేదు. అందరూ అలాగే అంటారు, చివరికి ఎవరో ఒకరు కూర్చుంటారు.

పదిహేనేళ్ళ కిందట ఒక ఎర్రబండి, కళ్ళజోళ్ళు అమ్మే ఆయనది. ఆయనా వెనక ఎవరూ కూర్చోరనే అన్నాడు. నమ్మాను. ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిప్పించాను, బండి కిక్కురుమనలేదు, సంతోషంగా పంపించేశాను. పదకొండో రోజున ఆయన అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని మలుపు తిరిగాడు. ఆ బరువుకి వెనకభాగం రెండంగుళాలు దిగింది, మడ్‌గార్డు అంచు టైరు పక్కభాగాన్ని కోసుకుంటూ పోయింది, అంతకు ముందు ఎన్నిసార్లు కోసిందో, ఆ రోజుకి తెగింది. బండి వెళ్ళి పిట్టగోడని గుద్దుకుంది. పెద్దావిడకి తుంటి విరిగింది. ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను, తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నన్ను కూర్చోమంది. "నీ తప్పేముంది నాయనా, నేనే లావు. తిండి తగ్గించమని మా అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది" అని నా చేతిలో ఒక కమలాపండు పెట్టింది. ఆ పండు తినలేక, పారెయ్యలేక, జేబులో వేసుకుని ఇంటిదాకా నడిచాను. ఆవిడ మళ్ళీ చేతికర్ర లేకుండా నడవలేదు. ఎదురుపడితే నవ్వేది, నేనే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. అప్పట్నించి మా షాపులో ఎంత చిన్న సీటైనా సరే, వెనక నేను కూర్చుని, నా చెవితో విన్నాకే బండి బయటికి వెళ్ళాలని నియమం పెట్టాను. ఆ నియమం పెట్టుకున్ననాడు ఈ చెవులు కూడా ఒకనాడు అరిగిపోతాయని తట్టలేదు, టైర్లు అరుగుతాయని రోజూ జనానికి చెప్పేవాడికి.

చెవి ఒక్కటే నాకున్న గొప్ప. చదువు లేదు, చెయ్యి తిరిగిన మెకానిక్కులు వీధికి నలుగురున్నారు, చెవి మాత్రం నాకే ఉంది. మా అమ్మాయికి చిన్నప్పుడు ఉబ్బసం. పక్కగదిలో బొమ్మలతో ఆడుకుంటుంటే దాని ఊపిరిలో సన్నటి ఈల మొదలవగానే ఇవతల నా చేతిలో పని ఆగిపోయేది, మందు పట్టుకుని వెళ్ళేవాణ్ణి, అప్పటికింకా దానికే తెలిసేది కాదు తనకి ఆయాసం వస్తోందని. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. స్టెతస్కోపు పేరు అక్కడే పుట్టింది, మా ఆవిడే పెట్టింది, అప్పట్లో ముద్దుగానే పెట్టింది. ఆ అమ్మాయిని చేసుకున్న ఇతను తొమ్మిదేళ్ళ కిందట అమ్మకాల ఉద్యోగం మానేసి, టై విప్పేసి నా షాపులోకి వచ్చాడు. మొదటి వారంలో జాకీ తలకిందులుగా పెట్టాడు. ఇప్పుడు చక్రాల కొలతల్లో నాకన్నా గట్టివాడు, ఏ బండికి ఎంత వెడల్పు పడుతుందో కాగితం చూడకుండా చెబుతాడు. ఒకసారి అడిగాడు, ఇవాళ మీరు తోలండి మావయ్యగారూ, నేను వెనక కూర్చుని వింటాను అని. చెవి అనేది నేర్పితే వచ్చేది కాదల్లుడూ అన్నాను. మళ్ళీ అడగలేదు. అన్ని పనులూ నేర్పాను, దాపరికం లేకుండా నేర్పాను, ఆ ఒక్కటీ నా దగ్గరే అట్టేపెట్టుకున్నాను, అది కూడా ఇచ్చేస్తే రేపు షాపులో నేనెందుకు, టీలు తేవడానికా? ఇలా అనుకున్నానని పైకి ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రైలు వంతెన కింద పల్లం వచ్చింది. మా పరీక్షలో అసలు చోటు ఇదే. రోడ్డు ఒక్కసారిగా దిగి, అడుగున వంపు తిరిగి, మళ్ళీ లేస్తుంది. ఇక్కడ రాసుకోని టైరు ఇంకెక్కడా రాసుకోదు. బండి దిగింది, మోకాళ్ళు గడ్డానికి కొట్టుకున్నాయి. చెవిని రేకుకి అంటించేశాను. వంతెన కింద వాన చప్పుడు ఆగుతుంది కదా, అదైనా కలిసొస్తుందని ఆశపడ్డాను. ఇంజను మోత తప్ప ఏమీ లేదు, పెద్ద ఖాళీ. అరచెయ్యి ఆనించి చూశాను, చేతికి అంతా ఒకటే జివ్వుమని తెలుస్తోంది, అందులో ఏది రోడ్డు, ఏది నీళ్ళు, ఏది ఇంజను? అద్దంలో మా అల్లుడి కళ్ళు కనిపించాయి. "ఇంకోసారి" అన్నాను. తిప్పుకొచ్చి మళ్ళీ దించాడు. మళ్ళీ ఖాళీ. "ఇంకొక్కసారి" అన్నాను. మూడోసారి దించి, పైకెక్కించి, అద్దంలో నావంక మామూలుకన్నా ఎక్కువసేపు చూశాడు. "ఎలా ఉంది మావయ్యగారూ?" అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి తల ఊపాను, పైగా కనుబొమలు కూడా ఎగరేశాను, బ్రహ్మాండం అన్నట్టు.

"ఈ సీట్లో మా అక్కలిద్దరూ ఎలా పడతారో ఏమో" అంది బండిగలావిడ, వెనక్కి తిరిగి నన్ను చూసి పకపకా నవ్వుతూ. "మీరే ఇలా ముడుచుకుపోయారు. వాళ్ళు ఒక్కొక్కళ్ళూ నాకు రెండింతలుంటారు."

వెనక ఎవరూ కూర్చోరన్నారు కదమ్మా అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను, చాల్లేదేమో, ఆవిడ ఏంటండీ అని మొత్తం ఇటు తిరిగి కుడిచెవి నా వైపు పెట్టింది. "ఎడమ చెవి చచ్చిందండీ నాకు, ఈ వైపు చెప్పండి. ఇన్నేళ్ళు సైరన్ కింద కూర్చుంటే ఇంకేమవుతుంది, మావాళ్ళలో సగం మందికి ఇంతే" అంది. అని ఊరుకోకుండా, అద్దం మీద పట్టిన ఆవిరి చేత్తో తుడుస్తూ రేపటి సంగతి చెప్పుకుపోయింది. పెద్దక్కకి డెబ్భై దాటాయట, చిన్నక్క భర్త పోయాక గడప దాటలేదట, ముగ్గురూ కలిసి ఒక్క ప్రయాణం కూడా చెయ్యలేదట, రేపు తెల్లారగట్ల లేచి కొండ మీది లైట్‌హౌస్ చూడటానికి వెళ్తారట, నూటపది కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. నాకు లైట్‌హౌసూ వినపడలేదు, ఘాట్ రోడ్డూ వినపడలేదు. ఎడమ చెవి చచ్చిందండీ అన్నది ఒక్కటే వినపడింది. కాలికి చెప్పు కరిచిందని చెప్పినంత తేలిగ్గా చెప్పింది. ఏడాది దాటి నేను గొంతులో ముల్లులా పెట్టుకు తిరుగుతున్న మాటని ఆవిడ అద్దం తుడుచుకుంటూ చెప్పేసింది, ఆకాశం విరిగి పడలేదు, మా అల్లుడు కనీసం ఆశ్చర్యపోలేదు, సరేనండీ అని గొంతు పెంచాడు, అంతే.

మలుపు తిరిగితే మా వీధి. ఇంకో నిమిషంలో షాపు ముందు ఆగుతాం, ఆవిడ తాళం తీసుకుంటుంది, రేపు ఇద్దరు లావుపాటి అక్కచెల్లెళ్ళు నేనిప్పుడు కూర్చున్నచోట ఇరుక్కుని కూర్చుంటారు, ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ బరువు ఈ చక్రం మీద పడుతుంది. రాసుకోదేమో. పొద్దున అంచు బాగానే మడిచాం, వేలు పెట్టి చూశాను, చిటికెనవేలంత సందు ఉంది. చాలుతుందేమో. ఈ ఏడాదిలో ఎన్ని బళ్ళు పంపలేదు, ఏం జరిగింది? ఏమీ జరగలేదనే కదా వినపడింది, నాకేం వినపడుతుంది కనక? చిటికెనవేలు చాలదు, నాకు తెలుసు, ఇద్దరు కూర్చుంటే చాలదు. చెబితే ఏమవుతుంది, స్టెతస్కోపు పోతుంది, వీధిలో ఇంకో పేరు పెడతారు, అదేం పేరో నాకు తెలుసు, ఆ పేరుతో నేనే ఎంతమందిని వెక్కిరించలేదు. అల్లుడి ముందు, అదీ అల్లుడి ముందు. ఆస్పత్రిలో ఆ పెద్దావిడ దుప్పటి కింద కాలు ఎలా ఉంది, పక్కకి పడిపోయి, ఆవిడది కానట్టు.

"బండి పక్కకి ఆపు అల్లుడూ."

మూసి ఉన్న కొట్టు పంచ కింద ఆపాడు. ఇంజను కట్టేశాడు. "ఏమైంది మావయ్యగారూ, వినపడిందా?"

"నాకు చెవులు పోయాయి" అన్నాను. "ఏడాది దాటింది. ఇందాకట్నించి ఊపిన తలంతా అబద్ధం. ఈ టైరు రాసుకుంటోందో లేదో నాకు తెలియదు. అమ్మా, ఈ బండి మీకిప్పుడు ఇవ్వకూడదు."

నేను భయపడినట్టు ఎవరూ నవ్వలేదు, ఎవరూ అరవలేదు. బండిగలావిడ నా మొహం చూసింది, రోడ్డు పక్క పడి ఉన్న మనుషుల్ని ఎత్తుకోబోయే ముందు ఇలాగే చూస్తుంది కాబోలు. మా అల్లుడు స్టీరింగు మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు. అతని చెవుల తమ్మెలు ఎర్రబడ్డాయి. తరవాత అడిగాడు, అతను అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు, ముందుకి వంగితే గాని అందలేదు. "ఆ చప్పుడు ఎలా ఉంటుంది మావయ్యగారూ? అసలు మీరు వినేది ఏ చప్పుడు? నాకెప్పుడూ చెప్పలేదు."

ఎలా చెప్పను? కుయ్యిమనదు, కీచుమనదు, జనం అలా అనుకుంటారు. పక్కన పడుకున్న మనిషి అటు తిరిగితే దుప్పటి చేసే చప్పుడుంటుందే, దాదాపు అలా ఉంటుంది, కాకపోతే మొదట్లో కొంచెం గరుకు, వెంటనే తెగిపోతుంది, మళ్ళీ గతుకులో మళ్ళీ అంతే. చెబుతుంటే నాకే చాలలేదు. నాలిక పళ్ళకి ఆనించి గాలి వదిలి చూపించాను, ఒకసారి, రెండుసార్లు. నా నోరు చేస్తున్న చప్పుడు నా చెవికి అందలేదు, పళ్ళ మీద గాలి చల్లగా తగలడం మాత్రమే తెలుస్తోంది. సరిగ్గా చేశానో లేదో అతని మొహం చూసి తెలుసుకోవాలి. అతని మొహం మారింది.

"ఇదా?" అన్నాడు. "ఇది వంతెన కింద వచ్చింది మావయ్యగారూ. మూడుసార్లూ వచ్చింది. కుడివైపు, మీ దగ్గరే."

"విన్నావా? మరి చెప్పవేం?"

"మీరు తల ఊపారు కదా."

అంతే అన్నాడు. నీళ్ళు చిమ్ముతున్నాయేమో అనుకున్నానని, మావయ్యగారికి వినపడంది నాకెలా వినపడుతుందని, నాది వట్టి భ్రమ అనుకున్నానని ఇంకా ఏవో చెప్పాడు, తప్పు తనదైనట్టు. నా చెవులు పోతే పోయాయి, తొమ్మిదేళ్ళుగా పక్కనే ఉన్న మంచి చెవులు రెంటికి నేను మూతలు వేశాను. చెవి నేర్పితే వచ్చేది కాదట. ఎవడు చెప్పాడు, నేనే చెప్పాను. చెయ్యి చాపి అతని భుజం పట్టుకున్నాను, ఇరుకులో అంతకన్నా చెయ్యడానికి లేదు. ఇంతకు ముందు ఎప్పుడైనా విన్నావా, ఇంకే బండిలోనైనా, దాచకుండా చెప్పు అన్నాను.

అతను ఒక వేలు ఎత్తాడు. "ఒక్కటి" అన్నాడు. "పళ్ళ డాక్టరుగారి నల్లబండి. పోయిన నెల. ఒక్కసారే వచ్చింది. సుద్ద కూడా చివర్లో వేలెడంత చెరిగింది, మీ చెయ్యి తగిలి ఉంటుందన్నారు." నాకు గుర్తుంది. టార్చి నా చేతిలోనే ఉంది, చెరిగిన చోటు నేనే చూశాను, డాక్టరుగారు గడియారం చూసుకుంటున్నారు, చెవికి ఏమీ వినపడలేదు కదా అని చెయ్యే తగిలిందన్నాను. సుద్ద పాపం దాని పని అది చేసింది, నేను దాని మాట కూడా వినలేదు. ఆ బండి వెనక సీట్లో పిల్లల కుర్చీలు రెండు బిగించి ఉన్నాయి. ఫోన్ చెయ్యి అన్నాను. ఇప్పుడే, ఇక్కణ్ణుంచే చెయ్యి, వెనక ఎవర్నీ కూర్చోబెట్టొద్దని చెప్పు, మా మావయ్యకి చెవుడు, చూసుకోకుండా పంపించాడని చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు.

"ముందు ఆ పని కానివ్వండి" అంది బండిగలావిడ. "నా సంగతి వదిలెయ్యండి, రేపు మా అక్కల్ని పాత చక్రాల మీదే తీసుకెళ్తా. వాళ్ళకి చక్రం వెడల్పు తెలుస్తుందా, సన్నం తెలుస్తుందా."

మా అల్లుడు ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల మోగుతోందో లేదో నాకు తెలియదు. అతని పెదాలు చూస్తూ కూర్చున్నాను, అవి కదలడం లేదు, అంటే ఇంకా ఎత్తలేదు. పంచ మీంచి నీళ్ళు బానెట్ మీద పడుతున్నాయి, అది వినపడుతోంది, పనికిరానివన్నీ వినపడుతున్నాయి. ఎత్తరేం, బండి నడుపుతున్నారేమో, నడుపుతుంటే ఎత్తరు కదా, స్కూలు వదిలే వేళయిందేమో, పిల్లలు వెనక కూర్చుని ఉంటారేమో. దేవుడా, నా చెవులు తీసుకున్నావు, ఉంచుకో, నేను అడగను. పెదాలు కదిలాయి. డాక్టరుగారూ నమస్కారమండీ అన్నాడు, తరవాత గొంతు తగ్గించాడు, మర్యాదకి తగ్గించాడు, నాకు ముక్క అందలేదు. నుదురు ముడిపడింది, వీడింది, మళ్ళీ ముడిపడింది. వింటున్నాడు. ఎంతసేపు వింటాడు? నేను ముందు సీటు అంచు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

అప్పుడు అతను ఫోను కిందికి దించి, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగాడు. తన మొహం నా మొహానికి ఎదురుగా తెచ్చాడు. నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాటా విడగొట్టి, వీధంతా వినపడేలా అరిచాడు.

"బండి! ఇంట్లోనే! ఉంది! మావయ్యగారూ! పిల్లలు! ఆడుకుంటున్నారు!"

అచ్చం చెవిటివాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఒక్క అక్షరం కూడా పోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.